యజమాని వాటా

ఉప్పాడకు ఎదురుగా సముద్రం మీద తేలే రొయ్యల కర్మాగారంలో షిఫ్టు దిగేవేళ కడియాలు కూసేవి. ఒక్కొక్కరి ముంజేతికున్న కడియం సన్నగా కూసి, ఆ రోజు ఓపికలో ఎనిమిదో వంతు లాక్కునేది. పాత భవిష్య నిధి చట్టాన్ని తిరగరాసినప్పుడు డబ్బు బదులు ఓపికనే దాచాలన్నారు. డబ్బుండి కూడా మంచం దిగలేని ముసలివాళ్లు దేశంలో అంతకంతకూ పెరిగిపోయారు మరి. కండరాల్లోని జీవశక్తిని కడియం గ్రహిస్తుంది. కింది అంతస్తులోని శక్తిపేటికలు దాన్ని భద్రపరుస్తాయి. పదవీ విరమణ నాడు అంతా తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. ఉద్యోగి వాటా ఎంతో యజమాని వాటా కూడా అంత కలవాలి.

ఆ ఆఖరి మాటే కస్తూరికి మింగుడుపడలేదు. పేటికలు చూసుకునే ఇంజనీరుగా చేరి ఏడాది దాటింది. పోయిన నెలలోనే ఉద్యోగం ఖాయమైంది. యజమాని అంటే ఒక కంపెనీ. కంపెనీకి ఒళ్లెక్కడిది? ఒళ్లే లేనివాడు ఓపిక ఎక్కణ్ణుంచి తెచ్చి పోస్తున్నాడు?

అడిగితే పాతవాళ్లంతా మాట మార్చేవారు. ఆమె పిన్ని మంగతాయారు కూడా అంతే. ముప్పై ఏళ్లు రొయ్య ఒలిచిన మనిషి. మోకాళ్లు పట్టేసి, కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి. మర్నాడే ఆమె విరమణ.

“పిన్నీ, రేపు నీకిచ్చేదాంట్లో సగం ఎవరిదే?”

“నాదే, ఇంకెవరిది? రేపు సముద్రంలో దిగి ఈత కొడతాను చూడు. నువ్వు ఒడ్డున కూచుని నా చీరకి కాపలా కాద్దువుగాని.”

“నవ్వించి తప్పించుకోకు.”

“ఏదో ఒకటి కెలక్కపోతే నీకు తిన్నది అరగదే! వచ్చే ఓపికని అనుమానించేదాన్ని నిన్నే చూశాను.”

అంటూనే పిన్ని పక్క బల్లకేసి చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది. అక్కడ ఈమధ్యే శిక్షణలో చేరిన హైమావతి గ్లౌజులైనా విప్పకుండా తల వాల్చేసింది.

“అక్కా, నా కడియం ఓసారి చూడవా?” అంది కస్తూరిని చూసి. “రాత్రంతా పడుకున్నా లేవలేకపోతన్నాను. మా నానమ్మే నయం.”

కస్తూరి చూసింది. కడియం సరిగ్గా ఎనిమిదో వంతే తీసింది. మరి మిగిలిన ఓపిక ఏమైనట్టు?

ఆమె కింది అంతస్తుకు దిగింది. ‘యజమాని వాటా’ అని రాసున్న గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ వెనక్కి నడిచింది. అది బయటినుంచి రాలేదు. గోడలెంట పాకి, పైకెక్కి, శిక్షణ ఉద్యోగుల పడకగదిలో మంచాల కింద మొదలైంది. కస్తూరి కూడా ఏడాది పాటు ఆ మంచాల మీదే పడుకుంది. విడిగా గది ఇచ్చాక ఒళ్లు తేలికపడితే గాలి మార్పనుకుంది.

“ఇది దొంగతనం!” అని మళ్లీ కిందికి దిగి అరిచింది, పేటికలను నడిపే యంత్రంతో.

“కాదండీ,” అంది యంత్రం. “కంపెనీ తన వాటా ఇవ్వలేనంటే ఉద్యోగుల సంఘమే ఈ దారి చూపించింది. ఉద్యోగం ఖాయమైన ప్రతి ఒక్కరినీ నెల తిరిగాక అడుగుతాను. ఒక్కరు వద్దన్నా ఆపేస్తాను. ఇంతవరకు ఎవరూ అనలేదు. మీవంతు ఇవాళ. కొనసాగించమంటారా?”

“నా ఏడాది ఓపిక నాకు తిరిగొస్తుందా?”

“రాదు. ఇప్పటికే విరమించినవాళ్లకు వెళ్లిపోయింది. కొనసాగిస్తే, మీ విరమణకు మీకు రెట్టింపు వస్తుంది.”

“వద్దంటే?”

“మంగతాయారు గారికి యజమాని వాటా ఈ రాత్రే కలపాలి. అది ఉండదు. తన సొంత వాటాతో కుర్చీలోంచి తానే లేవగలరు. ఈత కొట్టలేరు.”

కస్తూరికి పిన్ని మోకాళ్లు గుర్తొచ్చాయి. ఆ తర్వాత, ఎంత తోసేసినా పోకుండా, తనకిక రాని ఏడాది గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ అందరూ పుచ్చుకున్నాక, తన వంతు వచ్చేసరికే ఆగిపోవాలా?

“కొనసాగించు,” అంది.

పైకొచ్చేసరికి హైమావతి మెట్ల దగ్గరే కూలబడి ఉంది.

“ఏమన్నా తేలిందా అక్కా?”

“కడియం బాగానే ఉందమ్మా. కొత్తలో అందరికీ ఇంతే,” అంటూ కస్తూరి ఆమెను చెయ్యి పట్టుకుని లేపింది. “ఇవాళ పెందలాడే పడుకో.”