ఛత్తర్‌పూర్‌లో వాలెన్సియా భోజనం

సుహాస్‌ని టిఫిన్ బల్ల దగ్గరే చంపేశారు.

స్పెయిన్ తీరంలోని వాలెన్సియా నగరం. రేవు పక్కన జాలరులు తినే చిన్న బార్. బల్ల మీద సగం కొరికిన శాండ్‌విచ్, వేరుశనగ తొక్కలు, పొగలు పోతున్న కాఫీ. కుర్రాడు కునుకు తీస్తున్నాడనుకుని పక్క బల్లవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారట. అంతకుముందు రోజు అతను ఢిల్లీకి పంపిన ఆఖరి సందేశంలో రెండే వాక్యాలున్నాయి. "మనల్ని అమ్ముతున్నవాడు ఢిల్లీ నుంచి వచ్చి ఇక్కడే తిరుగుతున్నాడు. ఈ ఊరి తిండి వాడికి బాగా అలవాటు."

"ఇంతేనా సర్?" అన్నాడు మల్లికార్జున.

"ఇంతే," అన్నాడు చీఫ్ మాథుర్.

1994 జనవరి. ఢిల్లీలో బోర్డు లేని ఒక గూఢచారి ఆఫీసులో హీటర్ కాళ్ళను మాత్రమే వెచ్చబెడుతోంది. మల్లికార్జునకు రిటైర్‌మెంట్ దగ్గర పడింది. ఎడమ మోకాలు అప్పుడే రిటైరయింది. నారింజపళ్ళ వ్యాపారి వేషంలో అతను వాలెన్సియాలో ఆరేళ్ళున్నాడు. ఆ తర్వాత ఆ కుర్చీ సుహాస్‌కి అప్పజెప్పి, ఎక్కడ తినాలో, ఎక్కడ తాగాలో, ఏ మూల కూర్చుంటే తలుపు కనిపిస్తుందో దగ్గరుండి నేర్పి వచ్చాడు. ఇప్పుడు ఫైలు మీద సుహాస్ ఫోటో చూస్తుంటే అతనికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసట కమ్మింది, అంతే.

"యూరప్‌లో ఉన్న మనవాళ్ళందరి పేర్లూ మైక్రోఫిల్మ్ మీదకెక్కాయి. శనివారం చేతులు మారుతుంది," అన్నాడు మాథుర్.

"ఇచ్చేది?"

"ఇద్దరిలో ఒకడు. ఆ పేర్లు చూడగలిగింది ఇద్దరే, ఇద్దరూ సుహాస్ చనిపోయిన వారం సెలవులో ఉన్నారు. డిప్యూటీ డైరెక్టర్ దశరథ్, హరిద్వార్ వెళ్ళానంటాడు. సంకేత లిపి చూసే సైఫర్ సెక్షన్ కుర్రాడు రఘునందన్, ఏదో పొన్నూరట, నాయనమ్మ దగ్గరున్నానంటాడు."

"సాక్ష్యం?"

"ఒకడికి గంగ, ఒకడికి నాయనమ్మ. రెండూ పనికిరావు."

"తీసుకునేది?"

"ఇషిత."

మల్లికార్జున కళ్ళు మూసుకున్నాడు. ఇషిత పేరు అతనికి తెలుసు, మనిషిని చూడలేదు. ఆర్.కె.పురం గవర్నమెంట్ క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగు పిల్ల. ఇప్పుడు పట్టు చీరల మీద ఇటాలియన్ కోట్లు వేసుకుని వైన్ దిగుమతి వ్యాపారం చేస్తోంది. శత్రు ముఠాకూ పనిచేస్తుంది, మనకూ పనిచేస్తుంది. వాలెన్సియాలో మన తరఫున ఆమెతో మాట్లాడింది సుహాసే. శనివారం ఫిల్మ్ వస్తుందని మనకు చెప్పింది ఆమే. ఇచ్చేవాడి ముఖం తనకూ తెలీదంది. వచ్చిన ఫిల్మ్ ఎవరికిస్తుందో మాత్రం చెప్పలేదు.

"ఆమెను ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే?"

"ఎంబసీ నంబర్ ప్లేటున్న కారులో వస్తుంది. అందులో కూర్చుందంటే మనం చెయ్యి కూడా ఊపలేం."

మల్లికార్జున ఫైలు మూశాడు.

"భోజనానికి పిలుద్దాం సర్."

"ఎవర్ని?"

"ఇద్దర్నీ. ఇషిత ఫామ్‌హౌస్‌లో, స్పానిష్ ట్రేడ్ లంచ్ అని చెప్పి. మనకూ పనిచేస్తుంది కాబట్టి ఆమె కాదనదు. అపరాధి ఎవడైనా, ఆ విందు తన కోసమే ఇషిత పెట్టిందనుకుని వస్తాడు. రెండోవాడు మీరు ఆర్డరేస్తే వస్తాడు. పాస్‌పోర్టులు ఎన్నయినా మార్చొచ్చు సర్, తినే చెయ్యి మార్చలేరు. వాలెన్సియాలో పది గంటలకు జనమంతా పని ఆపేసి రేవు దగ్గరకెళ్తారు. ముందు వేరుశనగలు, తర్వాత మోచేతంత శాండ్‌విచ్, చివర్న రమ్ము మండించి పోసిన కాఫీ. ఎవడు ఎవడితో కూర్చున్నా అడిగేవాడుండడు, మన పనికి అంతకన్న మంచి చోటు లేదు. ఎండపూట ఓర్చాటా అని పాలలాంటి తియ్యటి పానీయం, అందులో పొడుగు బన్ను ముంచుకు తింటారు. పాయెయా అనే వాళ్ళ అన్నం మధ్యాహ్నమే తినాలి. రాత్రి అడిగితే పరాయివాడని తెలిసిపోతుంది. సందుల్లోకెళ్తే..."

"చాలు, ఆకలేస్తోంది," అన్నాడు మాథుర్. "వంటెవరు?"

"నేనే."

శనివారం పొద్దున మయూర్ విహార్ ఫ్లాట్‌లో మల్లికార్జున పెట్టుడు మీసం అంటించుకుని వంటింట్లోకెళ్ళాడు. పొయ్యి పక్కనున్న గాజు కూజా తీశాడు. దానికి ఒక పక్క పట్టుకునే మెడ, రెండో పక్క సన్నటి కొమ్ము. వాలెన్సియా నుంచి అతను తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు. అక్కడ దాన్ని పొర్రోన్ అంటారు, బల్లకొక్కటే పెడతారు. పెదవి ఆనించకుండా, ఎత్తి, కొమ్ములోంచి వచ్చే ధార నోట్లో పోసుకుంటూ చేతులు మార్చుకోవాలి. ఢిల్లీలో అతని భార్య జానకీదేవి అందులో నూనె పోసి పెట్టుకుంది.

"ఏమండీ, అది తీసుకెళ్తే రేపు దోసెలకెలా?"

"సాయంత్రానికి తెస్తాను."

"మీసం ఎడమ పక్క ఊడింది."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారైనా అడిగితే బావుండునని ఈ మధ్య అతనికి అనిపిస్తోంది.

ఢిల్లీ శివార్లలో, ఛత్తర్‌పూర్‌లోని ఇషిత ఫామ్‌హౌస్‌లో పొగమంచు మధ్యాహ్నానికి గానీ విడలేదు. వరండాలో బల్ల వేశారు. పూలకుండీలో కెమెరా ఉంది. తోటమాలి గదిలో టీవీ ముందు మాథుర్, ఆయన వెనక నలుగురు మనుషులు. మల్లికార్జున చొక్కా కాలర్‌లో మైకు, తలపాగా కింద చెవిలో రిసీవర్. కంపెనీ వాళ్ళు దాన్ని లేటెస్ట్ టెక్నాలజీ అన్నారు. పక్క ఫామ్‌హౌస్ కార్డ్‌లెస్ ఫోన్ కూడా అందులో పడుతోంది. ఎవరో ఆవిడ పెళ్ళికి గులాబ్ జామూన్లు ఆర్డరిస్తోంది.

ముందు వేరుశనగలు పెట్టాడు. దశరథ్ చలువ కళ్ళద్దాలు తీసి, ఒలిచి, తొక్కలు నేల మీద పారేస్తూ తిన్నాడు. అందులో వింతేం లేదు. చలికాలం ఢిల్లీ అంతా అలాగే తింటుంది. ఇషిత నవ్వుతూ వైన్ల గురించి చెబుతోంది. రఘునందన్ మాత్రం చిరుగు కనబడకుండా స్వెట్టర్ చెయ్యి మడిచి, చిన్నపిల్లాడిలా ఒద్దికగా కూర్చున్నాడు. బేర్ సరాయ్‌లో అద్దెగది, మెస్సు భోజనం, తెల్లారితే ఆఫీసు. ఇంత పెద్ద బల్ల ముందు ఎప్పుడూ కూర్చోలేదు పాపం.

మల్లికార్జున పొర్రోన్ నిండా నిమ్మ సోడా పోసి బల్ల మధ్యలో పెట్టాడు.

దశరథ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "యే క్యా హై? గ్లాసు తెప్పించండి," అన్నాడు.

రఘునందన్ అందుకున్నాడు. తల వెనక్కి వాల్చాడు. చెయ్యి ఎత్తాడు. సన్నటి ధార తిన్నగా గొంతులో దిగింది. చుక్క కూడా చొక్కా మీద పడలేదు. తాగి, కూజా దించి, "బావుందండీ," అన్నాడు.

చెవిలో మాథుర్ గొంతు పేలింది. "దొరికాడు!"

మల్లికార్జున వంటగదిలోకి పరిగెత్తాడు, మోకాలు పరిగెత్తనిచ్చినంత. "కాదు సర్. అతను కాదు."

"నేనూ వెళ్ళాను వాలెన్సియా. ఆ కూజాతో వారం రోజులు నెక్‌టైలు తడుపుకున్నాను. మొదటిసారి అలా ఎవడూ తాగలేడు!"

"మా ఇళ్ళల్లో మూడేళ్ళ పిల్లలు చెంబెత్తి అలాగే తాగుతారు సర్. మూతి ఆనిస్తే ఎంగిలి. పక్కవాళ్ళు మళ్ళీ ముట్టరు."



"నీ తెలుగువాడని వెనకేసుకొస్తున్నావా?"

మల్లికార్జునకు చివుక్కుమంది. సర్వీసు మొత్తంలో ఆ మాట పడలేదు. ఈ ఒక్క పొరపాటుకు ఆ కుర్రాడు జైలుకెళ్తాడు. అధికార రహస్యాల కేసు కాబట్టి వాదన కూడా ఎవరికీ వినిపించదు. పొన్నూరులో ఒక ముసలావిడ మనవడు రాలేదేమిటని గుమ్మంలో కూర్చుంటుంది. అసలువాడు మాత్రం చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతాడు.

"అన్నం పెట్టనివ్వండి సర్."

"ఇషిత లేచేవరకే టైము. ఆమె లేచిందంటే వాణ్ణి పట్టుకుంటాను."

వెడల్పాటి ఇనుప పెనం బల్ల మధ్యలో దింపాడు. కుంకుమపువ్వు రంగు అన్నం, చిక్కుళ్ళు, కోడి ముక్కలు. మూడు చెక్క చెంచాలు. కంచాలు పెట్టలేదు.

రఘునందన్ ముఖం మాడింది. "ప్లేట్లు లేవాండీ?" అన్నాడు మెల్లగా. అందరూ ఒకే పెనంలో చెంచాలు పెట్టడం అతనికి మింగుడు పడలేదు. టీ సాసరు దగ్గరకు లాక్కుని, ఎవరి చెంచా తగలకముందే, తన చెంచాతో ఓ మూల నుంచి రెండు ముద్దలు తీసి పెట్టుకున్నాడు. ఆ చెంచా మళ్ళీ పెనం వైపు పోనివ్వలేదు.

దశరథ్ అవేమీ అడగలేదు. చెక్క చెంచా తీసుకుని, తనకెదురుగా ఉన్న అంచు దగ్గర మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి తిన్నగా మధ్యకు. కుడికి పోలేదు, ఎడమకు పోలేదు. కోసిన కేకు ముక్కలా తన వాటా గీసుకుని, అచ్చం వాలెన్సియావాడిలా తిన్నాడు. చివర్న చెంచా తిరగేసి, అడుగున మాడి అంటుకున్న పొరను గీకాడు. ఢిల్లీలో అది వంటవాడి తప్పు. వాలెన్సియాలో దాని కోసం అన్నదమ్ములు పోట్లాడుకుంటారు. ఆ మాడు ముక్క నోట్లో వేసుకుని దశరథ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

సుహాస్ చెప్పిన అలవాటు అదే. మల్లికార్జున చేతిలో గరిటె ఉంది. అక్కడికక్కడే ఆ గరిటెతో కొట్టాలనిపించింది.

"చూశారా సర్?" అన్నాడు వంటగదిలోకొచ్చి.

"ఆకలేసినవాడు అడుగు గీకడా? ఫిల్మ్ ఏదీ? నాకు ఫిల్మ్ కావాలి."

మల్లికార్జున సోంపు పళ్ళెం తీసుకుని మళ్ళీ బల్ల దగ్గరకొచ్చాడు. దశరథ్ మళ్ళీ వేరుశనగలు ఒలుస్తున్నాడు. తొక్క నేల మీదకు, ఇంకో తొక్క నేల మీదకు. ఒక్క కాయ మాత్రం ఒలవకుండా ఇషిత చేతిగుడ్డ పక్కన పెట్టాడు. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. చేతిగుడ్డతో పాటు ఆ కాయా హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఆమె లేచింది.

తోటమాలి గది తలుపు తెరుచుకుంది. నలుగురు మనుషులు రఘునందన్ వైపు నడిచారు. డ్రైవర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

మల్లికార్జున పళ్ళెం పట్టుకుని కుంటుతూ ఆమె వెనక నడిచాడు.

"సోంపు తీసుకోమ్మా," అన్నాడు తెలుగులో.

ఇషిత ఆగింది. ఒక కాలు అప్పటికే కారులో ఉంది. "ఆప్ కౌన్?"

"సుహాస్‌కి ఆ ఊళ్ళో ఎక్కడ తినాలో నేర్పినవాణ్ణి."

"ఓ. హౌ ఈజ్ హీ? ట్రాన్స్‌ఫర్ అయ్యాడని చెప్పారు నాకు. బై కూడా చెప్పలేదు."

"ట్రాన్స్‌ఫర్ కాలేదమ్మా. మీరిద్దరూ కూర్చునే బల్ల దగ్గరే పొడిచేశారు. శాండ్‌విచ్ సగమే తిన్నాడు. అతన్ని వేలుపెట్టి చూపించినవాడే ఇప్పుడు నీకు వేరుశనగ కాయ ఇచ్చాడు."

ఆమె పెదవుల మీది రంగు తప్ప ముఖమంతా తెల్లబోయింది. వరండా వైపు చూసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు తెరిచింది.

"వాడు ఎప్పుడూ సగం నాకిచ్చేవాడు," అంది. చిన్నప్పుడెప్పుడో వదిలేసిన తెలుగు, తడబడుతూ వచ్చింది. "తీసుకోండి అంకుల్."

కాయ చేతిలో పడింది. రెండు చిప్పలూ జిగురుతో అంటించి ఉన్నాయి. మల్లికార్జున దాన్ని పైకెత్తి మాథుర్‌కు చూపించాడు.

మాథుర్ చూశాడు. దశరథ్ కూడా చూశాడు. కోటులోంచి పిస్తోలు తీసి మల్లికార్జున గుండెకు గురిపెట్టాడు. నలుగురు మనుషులూ తప్పు మనిషి భుజాలు పట్టుకుని నిలబడిపోయారు. ఆ తప్పు మనిషి చేతికి అందేలా బల్ల మీద పొర్రోన్ ఒక్కటే ఉంది. రఘునందన్ దాన్ని అందుకుని, ఎత్తి, వంచాడు. నిమ్మ సోడా ధార తిన్నగా దశరథ్ కళ్ళల్లో పడింది.

గుండు వరండా పెంకులకు తగిలింది. తోటలో నెమళ్ళు అరుచుకుంటూ లేచిపోయాయి. ఆ తర్వాత నలుగురూ సరైన మనిషిని పట్టుకున్నారు.

కారు వెళ్ళిపోయింది. ఇషితను ఎవరూ ఆపలేదు. రఘునందన్ పెంకుముక్కలు ఏరుతున్నాడు. ఎవరూ ఏరమనలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావది?" అన్నాడు మాథుర్.

"మా నాయనమ్మ దగ్గరండీ. మూతి ఆనిస్తే వీపు చిట్లగొట్టేది."

మాథుర్ సారీ చెప్పలేదు. బల్ల దగ్గరి కుర్చీ మాత్రం అతని వైపు జరిపి, "కూర్చో," అన్నాడు. తర్వాత మల్లికార్జున పక్కన మెట్ల మీద కూలబడ్డాడు. పెట్టుడు మీసం పూర్తిగా ఊడి మల్లికార్జున జేబులోకి చేరింది. పొద్దుట్నుంచి వండి వడ్డించినవాడికి ఇంకా తిండి లేదు. తినాలనీ లేదు.

"వాలెన్సియా కుర్చీ ఖాళీగా ఉంది," అన్నాడు మాథుర్. "ఒక్క ఏడాది చూడు. ఆ ఊళ్ళో ఎక్కడ తినాలో, ఎక్కడ తాగాలో నీకన్నా ఎవరికి తెలుసు?"

"తెలుసు సర్. కళ్ళు మూసుకుని వెళ్ళగలను. ఎవరితో కూర్చుని తినాలో అది చెప్పండి."

మాథుర్ పొర్రోన్ అందుకుని, తల వాల్చి, ఎత్తాడు.

సగం సోడా టై మీదకు పోయింది. మిగతా సగం నూనె వాసన వేసింది.