గోడలో చిన్న తలుపు

మా పరిశోధన కేంద్రంలో మాంసం రుచి చూసే గదికి కిటికీలుండవు. ఎర్ర బల్బొకటే వెలుగుతుంది. రంగు చూసి మోసపోకుండా, ముక్క ఎంత మెత్తగా ఉందో పళ్లే చెప్పాలని ఆ ఏర్పాటు. వంటగదికీ దానికీ మధ్య గోడలో చిన్న తలుపు. అందులోంచి ప్లేటు అందించడం నా పని.

నాకంటే ముందు ఆ పని మా అక్కది. రెండుసార్లు తట్టి ప్లేటు తోసేది. కోల్డ్ రూమ్ గడియ లోపలివైపు విరిగిందని డైరెక్టరుకు నోరు నొప్పెట్టేలా చెప్పింది. చివరికి అందులోనే ఇరుక్కుపోయి, చలికి కొయ్యబారి చచ్చిపోయింది. "గడియ బాగానే ఉంది, ఆ పిల్లదే అజాగ్రత్త" అని ఆయన చేతులు దులిపేసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిజం ఆయన నోటితోనే కక్కించాలని ఈ ఉద్యోగంలో చేరాను.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. డైరెక్టరొక్కడే మిగిలాడు. ఆ రోజు మాంసం ఆయన సృష్టించిన కొత్త జాతి గొర్రెది మరి, ఇంకొకరి నాలుకను నమ్మడు. చివరి ముక్క అందించేసి పెనం కడుగుతున్నాను.

టక్... టక్.

నా చేతులు నీళ్లలో ఉన్నాయి. తలుపు దానంతట అదే తెరుచుకుని మూసుకుంది. పొయ్యి ఎప్పుడో ఆర్పేశాను. అయినా వాసన... పచ్చి మాంసం, పాత మంచు.

"ఇదేంటమ్మాయ్, ఇంత చల్లగా ఉంది?" అవతలినుంచి ఆయన గొంతు.

"నేనేం పంపలేదు సార్."

టక్... టక్.

నమలడం వినిపించింది. ఆగకుండా... మధ్యమధ్య మూలుగు.

"మింగలేను... ఉమ్మలేను... వద్దని చెప్పు..."

"ఎవరికి సార్?" నా గొంతు నాకే కొత్తగా ఉంది. "గడియ సంగతి చెప్పండి."

పళ్ల కటకట. తర్వాత గుసగుస.

"విరిగింది... నాకు తెలుసు... తెలిసే..."

నాకు కావలసింది దక్కింది. "ఇక చాలు అక్కా" అన్నాను.

టక్... టక్.

పరిగెత్తి వెళ్లేసరికి ఆయన కుర్చీలో బిగుసుకుపోయి ఉన్నాడు. నోటినిండా మంచు. అయ్యో అనిపించలేదు నాకు. అబద్ధమెందుకు, కడుపు చల్లబడింది.

కొత్త డైరెక్టరు మేడమ్ మంచి మనిషి. వచ్చీ రాగానే కోల్డ్ రూమ్‌కి కొత్త గడియ వేయించింది. అక్క ఫొటో అడిగి చూసి కళ్లు తుడుచుకుంది. ఇవాళ అదే కుర్చీలో కూర్చుంది. నేనింకా పొయ్యి వెలిగించలేదు.

టక్... టక్.

"అప్పుడే పంపేశావా తల్లీ?" అని నవ్వింది. "చేతులు జివ్వుమంటున్నాయి!"

"తినకండి! అక్కా, ఈవిడ కాదే!"

నమలడం మొదలైంది.

చిన్న తలుపును రెండు చేతులా లాగాను. రాలేదు. అవతల గడియ పడిన చప్పుడు.

ఆ తలుపుకి ఏనాడూ గడియ లేదు.