కట్టమ్మ దొడ్డిల ఎలక్షన్ డ్యూటీ

పొద్దుగూకినంక ఆ ఊర్ల కట్టమ్మ ఇంటి ఎనుకకెల్లి ఎవ్వరు నడువరు. బడి పక్కపొంటి అడ్డదారి ఉన్నా సరే, ఊరు చుట్టు తిరిగే పోతరు.

కట్టమ్మ సచ్చిపోయిన్నాడు ఆమె కొడుకులిద్దరు ఇల్లు నాదంటె నాదని వాకిట్లనే కొట్లాటకు దిగిన్రట. పీనుగ పొద్దందాక అట్లనే ఉన్నదట. ఆఖరికి తలుపుకు పెద్దోడు ఒక తాళం, చిన్నోడు ఒక తాళం ఏసి, ఎవలు కట్టుకున్న కొత్తిండ్లకు వాళ్ళు పోయిన్రు.

అప్పటిసంది ఆ ఇంట్ల మనుషులు లేరు. గని చప్పుళ్ళున్నయ్…

గాజుల చప్పుడు. కిసకిస నవ్వు. ఒకాయన బండి మీద పోతాంటె చీకట్లకెల్లి “ఇంకో ముద్ద పెట్టాల్నా?” అని ఇనబడ్డదట. బండి మోరీల పడ్డది. మనిషి మాత్రం ఉరికి ఉరికి ఇల్లు చేరిండు.

ఇది నేను చూసింది కాదు, మా వదిన ప్రేమలత చెప్పింది. ఊరి పేరు బయట పెట్టొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నది. నెక్కొండ దిక్కు అనుకోండ్లి, చాలు.

మా వదిన హన్మకొండల ఒక ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్. కాంట్రాక్టు నౌకరి… ఏడాదికోపారి పై సారు సంతకం పెడితెనే ఉన్నట్టు. మొన్న సర్పంచ్ ఎలక్షన్లల్ల మనుషులు తక్కువ పడ్డరని ఆమెకు సుత డ్యూటీ ఏసిన్రు. ఓటేసేటోళ్ళ వేలికి ఇంకు పెట్టే పని.

ఇంట్ల అందరం మస్తు నవ్వినం. ఎందుకంటె మా వదినకు వరంగల్‌ల మేముండే కాశిబుగ్గల కరెంటు పోతెనే భయం. మా స్టీలు సామాన్ల దుకాణం ఎనుక అర్రలకెల్లి ఒక బిందె తేవాల్నన్నా, ముందు నేను నడువాలె. నేను ఆమె ఆడబిడ్డను. జర ఆటపట్టించుడు నా హక్కు.

పోలింగు ముందునాడు పెట్టెలు, కాయితాలు పట్టుకొని బస్సెక్కి, మునిమాపుకు ఆ ఊరి బడికి చేరిన్రు. వచ్చినోళ్ళల్ల ఆడామె వదిన ఒక్కతే. అందరికి పెద్ద సుదర్శన్ సారు, ప్రిసైడింగ్ ఆఫీసర్. కర్పూరం ముట్టిచ్చి నోట్ల ఏసుకొని, మంత్రాల్లేవు దయ్యాల్లేవు అని పిల్లలకు చూపెట్టే పంతులు. బస్సుల దారి పొడుగునా అదే ముచ్చటనట.

బడి మంచిగనే ఉన్నది. బాత్రూం సుత ఉన్నది… దానికి తలుపు లేదు. నల్ల ఉన్నది, నీళ్ళు లేవు.

మొగోళ్ళకేంది, చుట్టు చేన్లే. వదిన మాత్రం పొద్దటిసంది నీళ్ళు తాగకుంట ఓర్సుకున్నది. ఎంతసేపని ఓర్సుకుంటది?

బడిల వంట చేసే యాకమ్మ అన్నం పెట్టుకుంట ఉపాయం చెప్పింది. బడెనుక కట్టమ్మ దొడ్డిల బాత్రూం ఉన్నది, నీళ్ళు వస్తయ్, పగటీలి ఎవలన్నా పోవచ్చు. ఇప్పుడైతె వద్దు బిడ్డా, అన్నది. ఎందుకని వదిన అడిగింది. నేను మీకు మీద చెప్పిందంత యాకమ్మ చెప్పింది, ఇంకింత కారం కలిపి. తోడు రమ్మంటె గిన్నెలు సదురుకొని, ఎనుకకు తిరిగి చూడకుంట ఇంటికి పోయింది.

వదిన సారు దిక్కు చూసింది.

సారు గొంతు సవరించుకొని, దయ్యాలు మనిషి మెదడుల పుట్టే భ్రమలమ్మా, ధైర్యంగ పోయి రా, అన్నడు. మీరు గోడ దాకన్న వస్తరా సార్ అని అడిగితె, బ్యాలెట్ పెట్టెలను ఇడిసి కదిలితె రూల్సు ఒప్పుకోవన్నడు. అనుకుంటనే పెట్టె మీద చెయ్యి ఏసి గట్టిగ పట్టుకున్నడట.

ఊర్ల ఇంకా టీవీలు మోగుతనే ఉన్నయ్. గని బడెనుకకు తిరిగితె అదో లోకం. చలి. చీకటి. గోడ కూలిన కాడికెల్లి వదిన దొడ్డిల అడుగు పెట్టింది. చేతుల ఫోన్ లైటు. చెప్పుల కింద ఎండుటాకులు కరకర… కరకర…

రేకుల తలుపు కనబడుతనే ఉన్నది. ఇంకో నాలుగడుగులు.

అప్పుడు ఇనబడ్డది.

గాజులు.

వదిన ఫోన్‌ను గుండెకు అదుముకున్నది, దయ్యానికి తను కనబడొద్దని. గట్లయితె దయ్యం సుత తనకు కనబడదన్న సంగతి తర్వాత తట్టింది.

ఎనుక తలుపు మెట్ల కాడికెల్లి… గుసగుస.

“రేపు ఈ యాల్లకు… మనిద్దర్ల ఒకలు పోయినట్టే.”

“నేనే పోత. నువ్వుండు.”

“నువ్వు పోతె నేనెట్లుంట? … నేనే పోత.”

ఎవలో ముక్కు చీదుకున్నరు.

“ఎవలు పోయినా… ఈడికి వచ్చుడు మాత్రం ఆపొద్దు.”

వదినకు ఒక్క దేవుడి పేరు యాదికి రాలే. యాదికొచ్చింది ట్రైనింగుల చెప్పిన ముక్క ఒక్కటే: ఎవలన్న అడిగితె ముందుగాల మీ హోదా చెప్పుండ్లి. చేతులకెల్లి ఫోన్ జారింది. ఆకుల మీద ఎల్లెలకల పడి లైటు మీదికి కొట్టింది. మెట్ల మీద రెండు తెల్ల శాలువలు… ఒక్కపారి ఇటు తిరిగినయ్.

“ఎవలది?”

“అదర్ పోలింగ్ ఆఫీసర్ను…” అన్నది వదిన. “ఇంకు పెట్టేదాన్ని. బాత్రూంకు వచ్చిన.”

దయ్యానికి నౌకరి చెప్పుకున్నామె జిల్లా మొత్తంల మా వదిన ఒక్కతే అయి ఉంటది.

ఇంకా ఇచ్చంత్రం ఏందంటె, దయ్యాలే బుగులు పడ్డయ్. గిన్నె ఒకటి మెట్ల మీదికెల్లి దొర్లింది. ఒక శాలువ గోడ దిక్కు ఉరకబోయింది. ఇంకో శాలువ దాన్ని ఆపి, నిమ్మలంగ నడుచుకుంట వచ్చి వదిన చెయ్యి పట్టుకున్నది.

చెయ్యి ఎచ్చగున్నది. నూనె వాసన, నువ్వుల వాసన… సర్వప్ప, అదే సర్వపిండి రొట్టె, తింటాన్న చెయ్యి. వదినకు పోయిన పానం సగం మర్లొచ్చింది.

వాళ్ళిద్దరు కట్టమ్మ కోడళ్ళు. తోటికోడళ్ళు. అన్నదమ్ములు మాట్లాడుకోరు, పెండ్లాలను సుత మాట్లాడుకోనియ్యరు. ఇండ్లు ఒకటి ఈ కొసకు, ఒకటి ఆ కొసకు. అందుకని మొగోళ్ళు బయట తిరిగే యాల్లకు ఇద్దరు అత్త దొడ్డిల కలుసుకుంటరు. ఇంత తిని, ఇంత నవ్వి, ఇంత ఏడ్చి పోతరు. అత్త దయ్యమైందన్న పేరు మేం పెట్టలే బిడ్డా, ఊరే పెట్టింది, అన్నది పెద్దామె. మేం తీసెయ్యలే, అంతే.

మరి ఈ పోవుడేందని వదిన అడిగింది. ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. అది రేపు నీకే ఎరుకైతది తియ్యి, అన్నది చిన్నామె.

చిన్నామె బకెట్ నింపింది. పెద్దామె తలుపు కాడ కావలి నిలబడ్డది. పోయేటప్పుడు చేతుల ఒక సర్వప్ప ముక్క పెట్టిన్రు. బుగులుకు ఎక్కడలేని ఆకలైన మా వదిన ఆన్నే నిలబడి తిన్నది. ఎవ్వలకు చెప్పకు అన్నరు. చెప్ప అన్నది.

బడిల సుదర్శన్ సారు పెట్టె కాడికెల్లి కదలకుంటనే, ఏమన్న కనబడ్డదా అమ్మా అని అడిగిండట.

ఏం లేదు సార్, భ్రమ, అన్నది వదిన.

తెల్లారింది. లైను కట్టిన్రు. వదిన వేలు ఎనుక వేలు పట్టి ఇంకు పెడుతాంది. అంతల వాకిట్ల ఒక గుంపు దిగింది. మీసాలాయన ఒకడు ముంగట, ఎనుక ఆయన పెండ్లాం. సర్పంచ్‌కు నిలబడ్డ సోమక్క, ఉంగరం గుర్తు అని ఎవలో గుసగుసలాడిన్రు. వదిన ఆమె వేలు పట్టుకున్నది… తల ఎత్తింది.

రాత్రి చెయ్యి పట్టుకున్న పెద్దామె.

సోమక్క రెప్ప కొట్టలే. ఇంకు పెట్టించుకొని, ముద్ర పట్టుకొని అట్టల చాటుకు పోయి ఓటేసి, ఎటు చూడకుంట ఎల్లిపోయింది.

జరసేపటికి ఇంకో గుంపు. సర్పంచ్‌కు నిలబడ్డ తిరుమల, కత్తెర గుర్తు. రాత్రి బకెట్ నింపిన చిన్నామె.

సీటు ఆడోళ్ళకు వచ్చింది. అన్నదమ్ములు తమ పగను ఇడువలేక పెండ్లాలను నిలబెట్టిన్రు. ఆ ఊర్ల సర్పంచ్‌కు పోటీల ఉన్నది ఆ ఇద్దరే. పోవుడంటె ఓడిపోవుడని వదినకు అప్పుడు సమజైంది.

దాని ఎనుకనే ఇంకోటి సమజైంది. డ్యూటీల ఉన్నామె, పోలింగు ముందునాడు, పోటీల ఉన్నోళ్ళ చేతి తిండి తిన్నది. ఒక్కలు కంప్లైంటు పెడితె కాంట్రాక్టు నౌకరి అక్కడికే ఖతం. ఒక తాతకు ఒక్క వేలికి బదులు రెండు వేళ్ళకు ఇంకు పెట్టింది. దయ్యానికి సుత అంత బుగులు పడలేదట.

పగటాల్ల ఓట్లు లెక్కవెట్టిన్రు. తిరుమల గెలిచింది. ఒక్క ఓటుతోని.

సోమక్క పెనిమిటి మళ్ళ లెక్కవెట్టుమన్నడు. మళ్ళ లెక్కవెట్టిన్రు. అదే ఒక్క ఓటు. ఆయన బల్ల మీద గుద్దిండు. మీరు అమ్ముడువోయిన్రు, రాత్రి ఎవల చేతి కూడు తిన్నరో చెప్పుండ్లి, అన్నడు. ఆయన ఊరికెనే రాయి ఏసిండు, ఆయనకేం ఎరుక లేదు. యాకమ్మ వండిన పప్పు తప్ప ఏం తినలేదని సారు చెప్తనే ఉన్నడు. మీసాలాయన ఒక్కొక్కల మొఖం చూసుకుంట వచ్చిండు… వదిన కాడ ఆగిండు.

“నువ్వేం తిన్నవమ్మా?”

వదిన నోరు తెరిచింది. అబద్ధం ఆడుడు రాదు ఆమెకు. ఇంకొక్క నిమిషమైతె నిజం చెప్పేసేదేనట.

ఎనుక కుర్చీలకెల్లి సోమక్క లేచింది.

“రెండుపార్ల లెక్కవెట్టిన్రు. నిలబడ్డది నేను, ఓడింది నేను. ఆ బిడ్డనెందుకు అడుగుతవ్? ఇంటికి నడువు.”

పదిమంది ముంగట ఆమె మొగనికి ఎదురు చెప్పుడు ఊరు అదే మొదలు చూసుడట. ఆయన కండువ దులుపుకొని బయటికి నడిసిండు. సారు గబగబ సంతకాలు చేయించి, చీకటి పడకముందే అందర్ని బస్సెక్కించిండు. దయ్యాల్లేవు గద సార్, నిమ్మలంగ పోదామంటె ఇనలేదట.

ఇక్కడిదాక నేను ఇన్నది. ఇగ నేను చూసింది చెప్త.

నెల దాటినంక ఒకనాడు మా దుకాణానికి ఇద్దరు ఆడోళ్ళు వచ్చిన్రు. వదిన గల్లా కాడికెల్లి లేచి ఎదురు పోయింది. సోమక్క, తిరుమల. ఒకామె దవాఖానకని, ఒకామె సర్పంచ్‌ల మీటింగుకని ఇండ్లల్ల చెప్పి, ఏరే ఏరే బస్సులల్ల వచ్చి వరంగల్ బస్టాండుల కలుసుకున్నరట. నేను చాయ్ తెప్పిచ్చిన.

వదిన మనసుల ఒకటే నలుగుతాంది. ఆగలేక అడిగింది. నేనే పోత నేనే పోత అని ఇద్దరు అన్నరు గద, మరి మీ ఓట్లు ఎవలకు ఏసుకున్నరు?

సోమక్క చెప్పింది. ఆ రాత్రి మెట్ల మీదనే ఒట్టేసుకున్నరట. నా ఓటు నీకు, నీ ఓటు నాకు. ఎవలు గెలిచినా రెండో ఆమె ఓటు అందుల ఉండాలె అని.

నేను దుకాణంల పెరిగినదాన్ని. లెక్క నా నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది. తిరుమల ఓటు ఉంగరానికి పడి ఉంటె సోమక్కనే గెలవాలె గద, అన్న.

తిరుమల తల దించుకున్నది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“మాట తప్పిన అక్కా. గని నేను తప్పలే…” అన్నది. “ఉంగరం మీదనే గుద్దబోయిన. నా పిల్లల మీద ఆన. అట్టల చాటుల ఎవలో నా మణికట్టు పట్టుకున్నరు. సల్లటి చెయ్యి… కత్తెర మీదికి జరిపిన్రు. అత్తమ్మనే.”

నేను, వదిన పకపక నవ్వినం. కుర్చీ మీద మనసు పడ్డదని చెప్పరాదా, సచ్చిన ముసలామె మీద పెడుతవా అని వదిన ఎగతాళి చేసింది. తిరుమల సుత సిగ్గుపడి సగం నవ్వింది.

సోమక్క నవ్వలే.

“నేను సుత మాట తప్పుదామనే పోయిన తిరుమలా,” అన్నది మెల్లగ. “ఓడితె ఆయన ఇంట్ల ఉండనియ్యడని బుగులైంది. నా ఉంగరం మీదనే గుద్దుదామని ముద్ర ఎత్తిన… నా చెయ్యిని సుత ఎవలో గుంజిన్రు. కత్తెర దిక్కే.”

రోడ్డు మీద ఆటో ఒకటి పోయింది. అల్మారీల స్టీలు గిన్నెలు జర్ర మోగి ఆగినయ్.

మా వదిన తన వేళ్ళ దిక్కు ఒకపారి చూసుకున్నది. ఇంకా ఆఫీసర్ లెక్కనే, శానా ఫికరుతోని అన్నది…

“మరి… మీ అత్తమ్మకు నేను ఇంకు పెట్టలే.”