మక్నసా వచ్చే రోజు

"నవంబరులో నాకొక వాన కావాలండీ," అన్నాడతను.

రావియా పటం మీంచి తలెత్తింది. అలెగ్జాండ్రియా వాతావరణ కార్యాలయంలో అయిదేళ్లుగా పని చేస్తోందామె. పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లు, వలలు వేసేవాళ్లు, ఇంటికి రంగులు వేయించుకునేవాళ్లు ఎందరో వచ్చి వాన రాదు కదా అని అడిగి వెళ్లారు. రావాలని అడిగినవాడు ఇతనే మొదలు.

"ఎంత కావాలి?" అంది. "పొట్లం కట్టమంటారా, ఇక్కడే తడుస్తారా?"

"చాలా కావాలి. మక్నసా కావాలి. అలలు గోడ దాటి రోడ్డు మీద పడాలి."

మక్నసా అంటే చీపురు. నవంబరు నడుమ వచ్చి సముద్రాన్ని అడుగుదాకా ఊడ్చిపోయే గాలివానకి జాలర్లు పెట్టిన పేరది.

"సరే, మీ మేడమ్‌ని పిలవండి. నేను ఆవిడతో మాట్లాడుకుంటాను."

"ఏ మేడమ్?"

"వాతావరణం చెప్పే మేడమ్. మీరు రిసెప్షన్ కదా?"

"రిసెప్షన్ కింద ఉంది. మీరు దాన్ని దాటుకుని దూసుకొచ్చారు. మేడమ్‌ని నేనే."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇలా చెవులతో సిగ్గుపడే మనిషిని రావియా అంతకుముందు చూడలేదు. కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. దాన్ని దాచుకోవడానికి కుర్చీ చూపించింది.

అతని పేరు షిహాబ్. ఏడేళ్లుగా పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించే పని. ఇప్పుడు మొదటి సినిమా తీయబోతున్నాడు. నిర్మాత లేడు. ఉన్నది ఏడుగురు స్నేహితులు, ఒక స్క్రిప్టు, వాళ్ల పిన్ని అరువిచ్చిన వ్యాను. విడిపోయిన భార్యాభర్తలు సముద్రపు గోడ దగ్గర గాలివానలో మళ్లీ కలుస్తారు. అదీ ఆఖరి సీను.

"ఫైరింజను తెప్పించుకోవచ్చుగా?"

"తెప్పిస్తే వాన పడుతుంది. సముద్రం లేస్తుందా?"

ఆ మాట ఆమెకి నచ్చింది. కానీ ఒప్పుకోలేదు. "నవంబరులో రండి. పది రోజుల కంటే ముందు ఎవరు తేదీ చెప్పినా అబద్ధమే," అని ఫోన్ నంబరు రాసిచ్చింది.

అతను ఫోన్ చెయ్యలేదు. నవంబరుదాకా ఆగనూ లేదు. మర్నాడే స్క్రిప్టు పట్టుకుని స్వయంగా వచ్చాడు.

*

రావియా స్క్రిప్టు చదివి పెన్సిలుతో గీతలు పెట్టింది. రోడ్డవతలి టీ కొట్టులో పోట్లాట మొదలైంది.

"మీ హీరోయిన్ ఎక్కడి పిల్ల?"

"ఇక్కడి పిల్లే. జాలర్ల పేట బహరీలో పుట్టింది."

"బహరీలో పుట్టిన పిల్ల మక్నసాలో గొడుగు వేసుకుంటుందా? ఆ గొడుగు రెండు క్షణాల్లో పువ్వులా తిరగబడుతుంది. పైగా ఆ గాలిలో నిలబడి నాలుగు పేజీలు క్షమించమంటోంది. నోరు తెరిస్తే ఉప్పునీళ్లే కదండీ!"

"మరి ఏం చేస్తుంది?"

"ఊరుకుంటుంది. లేకపోతే తిడుతుంది. మా అమ్మ ఉన్నప్పుడు, మా నాన్న సముద్రం నుంచి ఆలస్యంగా వస్తే ముందు తిట్టేది. తర్వాత తువ్వాలు ఇచ్చేది."

షిహాబ్ కలం తీసి అక్కడికక్కడే ఆ నాలుగు పేజీలూ కొట్టేశాడు. ఒక మనిషి తన మాట విని ఇంత త్వరగా మారడం రావియాకి కొత్త. ఇంట్లో అలా జరగదు. వాళ్ల నాన్న రయీస్ బదవీ, అంటే సరంగు బదవీ, నలభై ఏళ్లు చేపల పడవ నడిపి దిగిన మనిషి. మక్నసా నవంబరు పదహారున వస్తుందంటాడు. అంతే.

"మీ ఉపగ్రహాలకి సముద్రం వాసన తెలుసా?" అంటాడు రోజూ, అన్నం ముందు.

"తెలీదు బాబా. మేఘం కదలిక తెలుసు."

"మేఘానికి పదహారు అని తెలుసు. నీకే తెలీదు."

ఆ అక్టోబరు నెలంతా సాయంత్రాలు రావియా, షిహాబ్ సముద్రపు గోడ వెంట నడిచారు. అల ఏ మలుపులో లేస్తుందో, ఎక్కడ పెట్టిన కెమెరా తడవదో ఆమె చూపిస్తే అతను సుద్దముక్కతో గుర్తు పెట్టుకునేవాడు. బండి మీద కాల్చిన చిలగడదుంప కొనుక్కుని ఇద్దరూ సగం సగం తినేవారు. పెద్ద సగం ఎవరిదన్నది రోజూ తేలని తగాదా.

"ఇది లొకేషన్ వెతకడమేనా?" అని ఒకరోజు దుంపలమ్మే పెద్దాయన అడిగాడు. ఇద్దరూ ఒక్కసారే "అవును" అన్నారు. పెద్దాయన నమ్మలేదు.

*

నవంబరు ఎనిమిదిన తేదీ చెప్పక తప్పలేదు. అతనికి కావలసిన కెమెరా ఊళ్లో ఒకే ఒక్క దుకాణంలో ఉంది, అందరూ గౌరవంగా ఉస్తాజ్ అని పిలిచే నసీఫ్ దగ్గర. నాలుగు రోజులకే ఇస్తాడు.

"పద్దెనిమిది," అంది రావియా. "నూటికి అరవై పాళ్లు."

"అరవయ్యా!" అతని ముఖం వెలిగిపోయింది. "నా సినిమా సంగతి అడిగితే అందరూ సున్నా అన్నారు. మా అమ్మ ఒక్కతే వంద అంది. అరవై అన్నవాళ్లు ఇప్పటిదాకా లేరు."

అతను పదిహేడు నుంచి ఇరవై దాకా కెమెరా మాట్లాడుకున్నాడు. నటులు సెలవులు పెట్టుకున్నారు.

పద్నాలుగు ఉదయం రావియా కొత్త పటం చూసి కూలబడింది. క్రీట్ దీవి దగ్గర మేఘాల గుంపు కదలడం మానేసింది. అది అక్కడే తీరిగ్గా తిష్ట వేసేలా ఉంది. ఈ తీరానికి వచ్చేది ఇరవై రెండున. అప్పటికి కెమెరా ఉండదు.

ఎవరూ అడగకముందే వెళ్లి చెప్పాలి. మధ్యాహ్నం ఆఫీసు వదిలి రిహార్సల్ జరుగుతున్న మేడ మీదికి ఎక్కింది. ఆరబెట్టిన బట్టల మధ్య నటులు మాటలు అప్పజెబుతున్నారు.

"నేను పొరపడ్డాను షిహాబ్ గారూ. పద్దెనిమిదిన ఎండే. ఇరవై రెండున వస్తుంది."

అతను పిట్టగోడ మీదికి చూపు తిప్పి, పెదాలు కదిలిస్తూ ఏవో లెక్కలు వేసుకుంటున్నాడు. కెమెరామన్ మాత్రం చేతిలోని కాగితాలు కింద పడేశాడు. "చెప్పానా! జాలర్ల మాట వినమంటే విన్నావా?"

షిహాబ్ వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు.

"ఒక మాటైనా అనండి," అంది రావియా. "తిట్టండి పోనీ."

అతను ఇంకో వేలు మడిచాడు. "అరవై అనే చెప్పాను! వంద అనలేదు!" అని గబగబా మెట్లు దిగిపోయింది. వెనకనుంచి అతను పిలిచాడేమో, ట్రాము మోతలో వినబడలేదు.

*

మర్నాడు పొద్దున్నే పటాల చుట్ట చంకన పెట్టుకుని ఆమె నసీఫ్ దుకాణానికి వెళ్లింది. తను చేసిన చిక్కు తనే విప్పాలి. తీరా చూస్తే షిహాబ్ అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చుని బతిమాలుతున్నాడు.

"మీరేంటి ఇక్కడ?" అన్నారిద్దరూ.

"రాత్రి అయిదుసార్లు ఫోన్ చేశాను," అన్నాడు షిహాబ్.

"మీరు నామీద కోపంగా..."

"కోపమా? ఏడుగురి సెలవులు ఎలా మార్చాలా అని ఆలోచిస్తున్నాను. తలెత్తేసరికి మీరు మెట్ల మీద లేరు!"

"ఇంట్లో పోట్లాడుకోండయ్యా," అన్నాడు నసీఫ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఇరవై రెండున కెమెరా కుదరదు. మా అమ్మాయి మరీనా నిశ్చితార్థం. నేనే తీస్తున్నాను."

"ఎక్కడ చేస్తున్నారు?" అంది రావియా.

"సముద్రపు ఒడ్డున తోటలో. ఆకాశం కింద, దీపాల మధ్య. నూటయాభై మంది."

రావియా బల్ల మీది సామాను పక్కకి జరిపి పటం పరిచింది. మేఘాల గుంపుని వేలితో చూపించింది. అక్కడినుంచి వేలు మెల్లగా జరిపి, తోట ఉన్నచోట ఆపింది.

"సాయంత్రం ఎన్ని గంటలకి ఉస్తాజ్?"

"ఆరు." నసీఫ్ గొంతు సన్నబడింది.

"ఆరింటికి టేబుళ్లు ఉండవు. దీపాలు ఉండవు. మరీనా జుట్టు దిద్దినామె మీ ఇంటి గుమ్మం ఎక్కి గొడవ పెట్టుకుంటుంది."

నసీఫ్ షిహాబ్ వైపు తిరిగాడు. "మొదటి తేదీ తప్పిందని ఈవిడే చెబుతోంది. మళ్లీ ఈవిడ మాటే నమ్ముతున్నావా?"

"నిన్న మా మేడ మీదికి వచ్చి, పొరపడ్డానని అందరి ముందూ చెప్పింది ఉస్తాజ్. ఎవరూ అడగలేదు. దాచుకుని ఉంటే పద్దెనిమిదిదాకా నాకు తెలిసేదే కాదు. ఇంకెవర్ని నమ్మమంటారు?"

రావియా పటం చుట్టడం మొదలుపెట్టింది. అది వంకరగా చుట్టుకుంది.

నసీఫ్ ఫోన్ తీసి భార్యకి చేశాడు. అవతలినుంచి వచ్చిన కేకలు దుకాణమంతా వినబడ్డాయి. చివరికి నిశ్చితార్థానికి ఒక హాలు ఇరవై అయిదుకి దొరికింది. కెమెరా ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగుదాకా షిహాబ్‌ది.

*

పదహారున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. రయీస్ బదవీ రోజంతా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. అన్నం ముందు ఉపగ్రహాల ఊసెత్తలేదు.

ఇరవై రెండు పొద్దున్న కూడా ఎండే. సముద్రపు గోడ దగ్గర ఏడుగురు స్నేహితులు, ప్లాస్టిక్ కప్పిన ఒక కెమెరా. నటి గోళ్లు కొరుక్కుంటోంది. కెమెరామన్ రావియాని చూసినప్పుడల్లా వాచీ చూసుకుంటున్నాడు. సెలవు పెట్టి వచ్చిన రావియా పడమటి ఆకాశాన్నే చూస్తోంది.

పన్నెండింటికి రయీస్ బదవీ వచ్చాడు, ఫ్లాస్కుతో టీ పట్టుకుని. "చూద్దామని వచ్చాను," అని కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"రాకపోతే?" అంది రావియా చిన్నగా.

"ఎండలో తీస్తాను," అన్నాడు షిహాబ్. "మీరొక మాట చెప్పండి. అక్టోబరు నుంచి రోజూ మీ ఆఫీసుకి వచ్చింది వాన కోసమే అనుకుంటున్నారా?"

"మరి?"

"వాన సంగతి ఫోన్‌లో అడగొచ్చు."

"నంబరు మొదటి రోజే ఇచ్చాను."

"అందుకే చెయ్యలేదు. చేస్తే మీరు ఫోన్‌లోనే చెప్పేస్తారని భయం."

రావియా సముద్రం వైపు చూసింది. చెప్పవలసిన మాట సిద్ధంగానే ఉంది. "మీరు రాని రోజు," అంది, "నా పటంలో ఒక్క మేఘమైనా నాకు కనబడదు."

అతని చెవులు అంటుకున్నట్టు ఎర్రబడ్డాయి.

"గాలి ఆగింది," అన్నాడు రయీస్ బదవీ వెనకనుంచి. ఆయన లేచి నిలబడి ఉన్నాడు. పడమటి అంచున ఆకాశం నీలి ఇంకులా ఉంది. "ఇప్పుడు తిరుగుతుంది. అందరూ గోడ నుంచి వెనక్కి జరగండి."

అంటూండగానే గాలి తిరిగింది. సముద్రం నల్లబడి, లేచింది. మొదటి అల గోడని గుద్ది, రోడ్డు మీద తెల్లగా పగిలింది. వాన అడ్డంగా కొట్టింది. నటులు పరుగెత్తి తమ చోట్లలో నిలబడ్డారు.

రయీస్ బదవీ తడుస్తూనే షిహాబ్ దగ్గరికి వచ్చాడు. "ఏమయ్యా, మాటలన్నీ విన్నాను. నాకు చెవుడు లేదు."

"రయీస్, నేను..."

"శుక్రవారం చేపలు నేనే వండుతాను. మీ అమ్మగారిని తీసుకుని రా. వట్టి చేతులతో రాకు, బస్బూసా మిఠాయి తీసుకురా. మా పిల్లకి ఇష్టం."

షిహాబ్ నోరు తెరిచి నిలబడిపోయాడు. నోట్లోకి ఉప్పునీళ్లు పోతున్నాయి. కెమెరామన్ గొంతు చించుకుంటున్నాడు: "కెమెరా తిరుగుతోంది! చెప్పవయ్యా, చెప్పు!"

రావియా అతని భుజాలు పట్టుకుని సముద్రం వైపు తిప్పింది.

"యాక్షన్!" అని అరిచాడు షిహాబ్. జీవితంలో మొదటిసారి అన్న ఆ మాట మధ్యలో జీరపోయింది. అయినా ఆ గాలిలో అందరికీ వినబడింది.