డిక్కీ సందు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన ఓదెలుది రేకుల షెడ్డు. ఎంత సొట్టపడ్డ బండి అయినా అతని చేతిలో పడితే చాలు, కొత్తదైపోయేది. అలాంటి మనిషిని ఆ తెల్ల కారు పొద్దుటి నుంచి ఏడిపిస్తోంది. డిక్కీ మూత ఎడమ పక్క వేలెడు సందు విడిచి ఆగిపోతోంది. బోల్టులు వదులు చేశాడు, మూత జరిపాడు, మళ్లీ బిగించాడు. ఊహూ, అదే సందు! "సెకండ్ హ్యాండ్‌లో కొన్నానండీ, మిగతాదంతా బాగానే ఉంది" అని చెప్పి పోయాడు సుచిత్ర చౌరస్తా నుంచి వచ్చిన జోగారావు. ఎవరి దగ్గర కొన్నావని ఓదెలు అడగలేదు.

అడగాల్సింది. మనిషి పోయిన బండి అయితే చక్రం కింద నిమ్మకాయ పెట్టందే అతను బోల్టులు విప్పే పానా ముట్టడు. కడుపుతో ఉన్న ఆడమనిషిని దాని దరిదాపులకు రానివ్వడు.

అతని భార్య సుక్కమ్మకు ఏడో నెల. రెండుసార్లు పోయి, మూడోసారి నిలిచిన కడుపు. ఆమె గడప దాటితేనే ఓదెలు గుండె పీచుపీచుమనేది. కానీ ఆ రోజు ముసురు పట్టి పనివాడు రాలేదు.

"జర మూత నొక్కి పట్టు, సాలు. లోపల పండి ఎలుతురు యాడికెళ్లి వస్తాందో సూస్త" అన్నాడు.

మూత ఎక్కడ తగులుతుందో తెలియడానికి రబ్బరు అంచుకు సుద్దపొడి రాసి, డిక్కీలో ముడుచుకుని పడుకున్నాడు. మూత దిగింది.

చిమ్మచీకటి. పెట్రోలు వాసన, తడిసిన గోనెసంచి వాసన, వాటి అడుగున విరిగిన పాల వాసన. ఎడమ పక్క సన్నటి వెలుతురు గీత. దానికి అడ్డంగా నాలుగు చిన్న వేళ్లు...

"సుక్కమ్మా, ఏళ్లు తియ్యే! నలుగుతయ్!"

"నా రెండు చేతులు మూత మీదనే ఉన్నయ్ గదయ్యా."

ఓదెలు మళ్లీ చూశాడు. వేళ్లు బయటి నుంచి లోపలికి రాలేదు. లోపలి నుంచే అంచు పట్టుకుని ఉన్నాయి. చల్లటి చిన్న చెయ్యి ఒకటి అతని మెడ మీదుగా చాచి ఉంది. వీపు వెనక ఎవరో ఊపిరందక రొప్పుతున్నారు.

"తియ్... జల్దీ తియ్!"

"వస్తలేదయ్యా! పట్టేసింది!"

ఆమె పొట్టను కారుకు ఆనించి, బలమంతా పెట్టి మూత లాగుతోంది. లోపల ఓదెలు చెవి పక్కన గుసగుస. "గాలి..."

వేళ్లు అంచు వదిలేశాయి. సందులోంచి బయటికి జారాయి. మణికట్టు... మోచెయ్యి... భుజం...

మూత టప్పున లేచింది.

ఓదెలు కిందపడి లేచాడు. డిక్కీ ఖాళీ. మూత వేస్తే, ఒక్క బోల్టు ముట్టకుండానే చక్కగా కూర్చుంది. వెంట్రుక దూరే సందు లేదు.

"నీకేం గాలే గద?"

"ఏం గాలే. పొట్టకే జర సల్లగ తగిలింది."

కొంగు తొలగించింది. పొట్ట మీద నాలుగు చిన్న వేళ్ల ముద్రలు, సుద్ద తెలుపుతో. ఓదెలు తడిగుడ్డ తెచ్చి తుడిచాడు. గట్టిగా తుడిచాడు. అయ్యో దేవుడా, అవి చర్మం పైన లేవు... లోపలున్నాయి.

అతను చూస్తుండగానే అందులో ఒక వేలు మెల్లగా ముడుచుకుంది.