కదలకండి, ఎనిమిది సెకన్లు

"చలిజ్వరం నీకా, నీ కెమెరాకా?" అని ఫొటోగ్రాఫరు మీద కేకేశాడు లైటు బోర్డులు చేసే మేస్త్రి. ఆయన చేతిలో ఉన్నది మూడో ఫొటో. ఆయన వెలిగించిన బోర్డు అందులో పారబోసిన రంగునీళ్లలా ఉంది.

రీలు కెమెరాల రోజులవి. ఇప్పుడైతే ఫోను ఎత్తి నొక్కితే సరి. అప్పుడు రాత్రి ఫొటో అంటే స్టాండు వేసి, ఎనిమిది సెకన్లు లెన్సు తెరిచి ఉంచాలి. ఎనిమిది సెకన్లూ ఎదుటి మనిషిని తనివితీరా చూడొచ్చు. ఈలోగా స్టాండు మీద ఈగ వాలినా బొమ్మ చెదిరిపోతుందని ఫొటోగ్రాఫరు చెప్పేవాడు. ఆ ఈగ తానేనని మాత్రం చెప్పేవాడు కాదు.

"పొద్దున టపాలో బొమ్మ వెళ్లకపోతే సినిమా హాలు బోర్డు పని ఇంకొకడికి పోతుంది బాబూ. ఈ రాత్రే ఆఖరు," అని మేస్త్రి భోజనానికి లోపలికి వెళ్లాడు.

బోర్డు ఎంత పెద్దదో తెలియడానికి పక్కన నిలబడేది ఆయన కూతురు. ఆమె నిలబడితే ఓసారి కాకి స్తంభమనుకుని భుజం మీద వాలి, కునుకు కూడా తీసిందట.

"ఈసారీ స్టాండుని తన్నేస్తారా?" అందామె.

ఫొటోగ్రాఫరు స్టాండు బిగించడం ఆపాడు. "చూశారా?"

"మూడుసార్లూ."

"నాన్నగారికి చెప్పలేదేం?"

"చెబితే మళ్లీ రానిచ్చేవారా?"

ఫొటో బాగా వస్తే అతనికి ఇక ఆ వాకిట్లో పనిలేదు. రాకపోతే మేస్త్రికి పనే లేదు. స్టాండుకి ఇసుక సంచి వేలాడదీసి, కెమెరాకి చెయ్యి తగలకుండా తీగ చివర బటన్ నొక్కాడు.

"కదలకండి."

ఒకటి. రెండు. మూడో సెకనులో ధైర్యం వచ్చింది. ఇంకో అయిదు సెకన్లు ఆమె కాదనడానికి వీల్లేదు కదా!

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

నాలుగు. అయిదు. ఆమె రెప్ప వేయలేదు. ఆరో సెకనులో కాకి కనిపెట్టలేని ఆ స్తంభం కదిలింది.

తెల్లవారేసరికి తడి ఆరీ ఆరని ఫొటో మేస్త్రి చేతిలో పడింది. బోర్డు మీద అక్షరాలు కత్తితో కోసినట్టున్నాయి. పక్కన పిల్ల ముఖం మాత్రం చెదిరిపోయింది.

"బోర్డు భేష్! అమ్మడూ, నువ్వెందుకు కదిలావే?"

"ఈయన ఒక మాట అడిగారు నాన్నా."

మేస్త్రి ఫొటోని దీపం కింద పెట్టి చూశాడు. ఏళ్లతరబడి అక్షరాలు గీసిన కళ్లవి. ముఖం అడ్డంగా చెదిరిందో నిలువుగా చెదిరిందో ఆయనకి ఒకరు చెప్పాలా?

"కవరు అంటించు అల్లుడూ," అన్నాడు, "టపాకి వేళవుతోంది."