ఉత్త నారి మోగింది

ఆ రోజు తిరువూరు బస్టాండు వెనక పెంకుటింట్లో ఉన్నది ఐదుగురు.

మొదటివాడు బెజవాడ నుంచి వచ్చిన మామిడికాయల వ్యాపారి దశరథరామయ్య. అసలు ఆయన మేజర్. గుమ్మానికి ఏ బోర్డూ లేని ఒక ఢిల్లీ ఆఫీసు ఆయన్ని పంపింది. రెండో మనిషి, వ్యాపారిగారికి షుగరు జబ్బని చెప్పి రోజూ సూదిమందు వెయ్యటానికి కుదిరిన నర్సు జ్ఞానమణి. నిజానికి ఆమె ఆయుధాల ఎక్స్‌పర్టు. వయసు ఇరవై రెండు. ఇనుము దగ్గర లేని బెరుకంతా మనుషుల దగ్గర ఉండేది. మూడో మనిషి నాటకాల ప్రేమావతి. ఆవిడ ఆ ఇంట్లో ఎందుకుందో ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడక్కుండానే తెలుసనుకున్నారు. ఒక విదేశీ ముఠా ఆవిడ తమ మనిషి అనుకుంటోంది. మేజర్ తన మనిషి అనుకుంటున్నారు. నాలుగోవాడు బుట్టలు మోసే పుల్లయ్య, పోలీసుల్లో హెడ్డు. చివరగా, గోదాములో గడ్డి పరిచి కాయలు మాగవేసే గౌసియాబీ. ఆ ఇంట్లో వేషం లేని మనిషి ఆమె ఒక్కతే.

1955 మే నెల. ఉదయం తొమ్మిది గంటలు.

"రసాలు మగ్గాయా?" అన్నారు మేజర్ గోదాము గుమ్మంలో నిలబడి. సరుకు భద్రమేనా అని అర్థం.

"మగ్గాయి" అనాలి. జ్ఞానమణి అనలేదు.

"ఒక కాయకి మచ్చ వచ్చింది సార్."

కోడ్ పుస్తకంలో ఆ మాట లేదు. మేజర్ లోపలికి వచ్చి తలుపు మూశారు.

ఆమె ముందున్న మామిడి పెట్టెలో, గడ్డి మధ్య ఒక క్రాస్‌బో ఉంది. తుపాకీ మడమకు అడ్డంగా విల్లు బిగించి, కింద ట్రిగ్గరు పెట్టిన ఆయుధం. మనిషిని చంపుతుంది, మోత ఉండదు. ముఠా దాన్ని ముక్కలుగా ఓడలో తెప్పించి, దాచమని ప్రేమావతికి ఇచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఆమె దాన్ని ట్రావెలర్స్ బంగళాలో దిగిన హెండ్రిక్ దొరకు అప్పజెప్పాలి. పక్షుల మీద పరిశోధన అని చెప్పుకు తిరిగే ఆ దొర, ఆరు గంటలకు ఎదుటి వరండాలో కాఫీ తాగే భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ వెంకటకృష్ణారావును కొట్టాలి. ఈ చుట్టుపక్కల కొండల్లో దొరికిన ఒక ఖనిజం మ్యాపు ఆ డాక్టరు బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

దొర దగ్గర పెద్దపెద్దవాళ్ళ కాగితాలున్నాయి. బాణం వదిలిన క్షణాన తప్ప అతన్ని ముట్టుకోవటానికి వీల్లేదు. అందుకే మూడు రోజుల కిందట జ్ఞానమణి, థర్మామీటరు గొట్టంలో దాచుకున్న ఆకురాయి తీసి, వింటినారిని పట్టి ఉంచే కొక్కేన్ని వెంట్రుక మందం అరగదీసింది. బాణం గజం కిందికి పోతుంది. డాక్టరు బతుకుతాడు. ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు. చెబితే ఆయన కూర్చోడు.

ఇప్పుడు విల్లు కుడి రెక్క మీద, నిన్న సాయంత్రం లేని ఒక పగులు కనిపిస్తోంది. నాలుగంగుళాల పొడవు.

"విరుగుతుందా?"

"దొర లాగి చూస్తే విరగొచ్చు సార్."

మేజర్ పగులు మీద వేలు పెట్టి చూశారు. దొర చేతిలో విల్లు విరిగితే అనుమానం దాన్ని తెచ్చిచ్చిన మనిషి మీదికే పోతుంది; ముందు చచ్చేది డాక్టరు కాదు. ఆరింటిదాకా అదే గదిలో దొర పక్కన కూర్చోవలసిన ప్రేమావతి.

"ఎవరు చేశారో చెప్పు. ఎలా బాగుచెయ్యాలో చెప్పు. రెండూ మధ్యాహ్నంలోపు."

జ్ఞానమణి పౌడరు డబ్బా తెరిచింది. అద్దం కింద భూతద్దం ఉంది. ముందు గడ్డి వేడిని అనుమానించింది. కాయలు మగ్గే గడ్డిలో చెయ్యి పెడితే కాలుతుంది, అతికిన చెక్కలు విడిపోవచ్చు. కాని జిగురు చెక్కుచెదరలేదు. ఎలుక పంటి గాట్లు లేవు. కత్తి గీత లేదు, ఆకురాయి గీత లేదు. పగులు బయటినుంచి లోపలికి పోలేదు; లోపలినుంచే బయటికి వచ్చింది. నారి మధ్యలో చుట్టిన దారం మాత్రం నూగులా లేచింది.

ఆమె చాలాసేపు ఆ నూగు వంక చూసింది.

"బాణం లేకుండా నారి లాగి వదిలారు సార్. బాణముంటే ఆ ఊపంతా బాణంతో పోతుంది. లేకపోతే విల్లులోకే తిరిగొస్తుంది."

"ఆయుధం తెలిసినవాడు అలా చేస్తాడా?"

"చెయ్యడు."

మేజర్ పుల్లయ్యను పిలిచారు. "నిన్న రాత్రి నుంచి ఇటు ఏమైనా చప్పుడైందా?"

"చీమ చిటుక్కుమనలేదండి. తెల్లారగట్ల దూది ఏకే మోత తప్ప."

"ఎక్కడ?"

పుల్లయ్య తల గోక్కున్నాడు. "టుంయ్, టుంయ్ అని రెండు దెబ్బలండి. వెనక సందులో ఎవరింట్లోనో పని మొదలెట్టారనుకున్నా. ఇప్పుడాలోచిస్తే ఇటునుంచే వినబడినట్టుంది."

"ఈ ఇంట్లో దూది ఏకే ఇంటి మనిషెవరు?"

పుల్లయ్య జవాబు చెప్పకుండా పెరడువైపు చూశాడు.

గౌసియాబీ చేతుల గడ్డి దులుపుకుంటూ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. తండ్రీ, పోయిన మొగుడూ ఇద్దరూ నరం బిగించిన పెద్ద విల్లు మోగిస్తూ దూది ఏకేవాళ్ళే. పెట్టెలో విల్లు చూసి ఆశ్చర్యపోలేదు. దాన్ని చూశానని దాచలేదు కూడా.

"గడ్డి తిరగేసేటప్పుడు కనబడింది బాబూ. ఇదేం ఏకుడు విల్లో అనుకున్నా. చెయ్యి పెట్టలా."

"పొద్దున మోత విన్నావా?"

"విన్నా."

"నువ్వు కాకపోతే ఎవరు?"

"నన్నడగొద్దు బాబూ."

మేజర్ రెండోసారి అడగలేదు. పుల్లయ్య ఆమెను పెరటి కొట్లో పెట్టి బయట తాళం వేశాడు. గోడ అవతల నీళ్ళు తోడుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు. ఏదో ఒకటి అనాలని జ్ఞానమణికి అనిపించింది. పౌడరు డబ్బా మూసి గోదాములోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆమె ఒక్కతే కొట్టు కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఎవరో మీకు తెలుసు కదమ్మా?"

"నర్సమ్మా, చెబితే ఒక పిల్ల పోద్ది. చెప్పకపోతే నేను పోతా. నేనెలాగూ ముసల్దాన్ని." తరవాత కిటికీ ఊచల మధ్యనుంచి ఆ పెట్టె ఉన్న దిక్కు చూసింది. "ఆ విల్లు పగిలిందంటగా? మా ఇంట్లో దూలానికి మా ఆయన విల్లు నరం వేలాడుతుంటది. తెప్పించి నీళ్ళలో నానేసి, బిగించి చుట్టండి. ఎండలో ఆరిందా, ఇనుమే."

లోపల పెట్టి తాళం వేసినవాళ్ళకు ఆ సలహా ఎందుకిచ్చిందో జ్ఞానమణికి అర్థం కాలేదు. పుల్లయ్య వెళ్ళి నరం తెచ్చాడు.

పన్నెండు గంటలకు గోదాములో జ్ఞానమణి తడి నరం చుడుతుంటే జారిపోతోంది. మూడుసార్లు చుట్టింది, మూడుసార్లూ వదులైంది. ప్రేమావతి గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. పట్టుచీర, గోళ్ళకు రంగు, దొరసానులు పూసుకునే సెంటు.

"నా ప్రాణాన్ని అలాగేనా చుట్టేది? ఇటు తే."

ఆమె కింద కూర్చుంది. నరం ఒక కొస ఎడమకాలి బొటనవేలికి మెలేసి, రెండో కొస పళ్ళతో పట్టి, విల్లునే తిప్పుతూ చుట్టుకుపోయింది. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా. పది నిమిషాల్లో కుడి రెక్క అయిపోయింది. ఆగకుండా ఎడమ రెక్కకూ మొదలుపెట్టింది.

"అటు పగల్లేదండీ."

"ఒకపక్కనే చుడితే దొర అతుకంటాడు. రెండుపక్కలా చుడితే ఫ్యాషనంటాడు. మగాళ్ళ సంగతి నీకేం తెలుసు నర్సమ్మా."

జ్ఞానమణి ఆ కాలి వేలినే చూస్తోంది.

"మీది మద్రాసు కదండీ."

"పుట్టిందీ పెరిగిందీ అక్కడే."

"కాలి వేలికి నరం మెలెయ్యటం మద్రాసులో ఎవరు నేర్పారు?"

ప్రేమావతి పళ్ళ మధ్యనుంచి నరం జారింది. బయట పుల్లయ్య దగ్గు వినిపిస్తోంది. ఆమె గొంతు తగ్గించింది.

"వినగడప. ఇక్కడికి దగ్గరే. నా పేరు మహబూబీ. పదిహేనేళ్ళప్పుడు నాటకాల బండెక్కి వచ్చేశా." నరం మళ్ళీ అందుకుంది. "సాయంత్రం నా ప్రాణం దీని మీదే ఉందన్నారు. తెల్లారగట్ల లేచి చూద్దామని తీశా. చెయ్యి ఊరుకోలా. మోకాలేసి నొక్కి, గుంజి వదిలా. మా నాయన దూది ఏకే విల్లులో బాణమన్నది ఎప్పుడూ లేదమ్మా. పొద్దస్తమానం ఉత్త నారే మోగేది. ఉత్త నారి వదిలితే విల్లు పగులుద్దని నాకేం తెలుసు?"

"రెండోసారి ఎందుకు వదిలారు?"

"మొదటిసారి మా ఇంట్లో మోత లాగే ఉంది. అందుకని."

జ్ఞానమణి లేచింది. "మేజరుగారికి చెప్పాలి. గౌసియాబీని వదిలెయ్యాలి."

ప్రేమావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "చెప్పు. మన ప్లాను చెడగొట్టమని ముఠా పురమాయిస్తే విరగ్గొట్టానంటాడు. నన్ను పంపడు. నేను పోకపోతే దొర ఇవాళ మాయమై రేపు ఇంకో ఊళ్ళో కొడతాడు. ఆ విల్లు కొక్కెం నువ్వు అరగదియ్యవు. ఆరింటిదాకా ఆగు."

"అంతసేపూ ఆవిడ కొట్లోనే ఉండాలి."

"పిన్ని ఉంటుందిలే. పుట్టిల్లు మా వీధే. మొదటిరోజే నన్ను గుర్తుపట్టింది, పెదవి విప్పలా."

జ్ఞానమణి గోదాము గుమ్మం దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి కొట్టు తాళం కనిపిస్తోంది. మేజర్ గది తలుపూ కనిపిస్తోంది. రెండింటికీ మధ్య ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. చివరికి వెనక్కి వచ్చి, విల్లును ఎండలో ఆరబెట్టి, ఆముదం దీపపు మసి లక్కలో కలిపి నరం చుట్ల మీద నల్లగా పూసింది.

"బాగైంది సార్" అంది మేజర్‌తో. "కారణం రిపోర్టులో రాస్తాను."

సాయంత్రం ఆరు. ట్రావెలర్స్ బంగళా వరండాలో డాక్టర్ వెంకటకృష్ణారావు కాఫీ ఊదుకుంటున్నాడు. పక్కన జ్ఞానమణి ఆయనకు రక్తపోటు చూస్తున్నట్టు పట్టీ చుట్టింది. రెండో చేతిలో పౌడరు డబ్బా. అద్దంలో ఎదుటి గది కిటికీ, కిటికీలో తెర, తెర పక్కన పట్టుచీర అంచు. అంటే ప్రేమావతి ఇంకా బతికే ఉంది.

తెర కదిలింది. నల్లటి విల్లు రెక్క కనబడింది.

టప్పుమని చప్పుడు. డాక్టరు కాళ్ళ దగ్గరున్న మామిడి బుట్టలో బాణం దిగింది. గజం కిందికి, లెక్క ప్రకారమే.

మేజర్ విజిల్ వేశారు. పుల్లయ్య, నలుగురు కానిస్టేబుళ్ళు దొర గది తలుపు మీద పడ్డారు. తలుపు రాలేదు. లోపల ఇనప గడియ. ప్లాన్‌లో గడియ లేదు.

"ఏంటమ్మా ఆ గోల?" అన్నాడు డాక్టరు.

జ్ఞానమణి అద్దంలోనే చూస్తోంది. దొర కంగారు పడలేదు. నారి మళ్ళీ లాగి రెండో బాణం పెట్టాడు. మొదటిది ఎంత కిందికి పోయిందో చూసుకున్నాడు కాబట్టి ఈసారి విల్లు గజం పైకెత్తాడు. ఆమె మూడు రోజులు నమ్ముకున్న అరగదీత ఇంక పనికిరాదు. డబ్బా వదిలేసి డాక్టరును కుర్చీతో సహా వెనక్కి తోసి, ఆయన మీద పడింది.

ఫెళ్ళుమంది.

కుడి రెక్క నరం చుట్లు తెంపుకుని విరిగి, దొర చేతి వేళ్ళనే కొట్టింది. బాణం కిటికీ గడప దాటలేదు. దొర రెండో చేత్తో పిస్తోలు కోసం తడుముకున్నాడు. అది అరగంటగా ప్రేమావతి కూర్చున్న దిండు కింద ఉంది. తలుపు ఊడివచ్చేసరికి ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రంగు లేచిన గోరు చూసుకుంటోంది.

"నీ ఆకురాయి పని బ్రహ్మాండం" అన్నారు మేజర్.

"ఆకురాయి కాపాడలేదు సార్. పగులు కాపాడింది." ఊపిరి తీసుకుని, మిగతాదంతా చెప్పింది. గౌసియాబీకి ఏ పాపమూ తెలియదని చివర చెప్పింది. మొదట చెప్పాల్సింది అదేనని చెప్పాక తోచింది.

మేజర్ అప్పటికే టెలిగ్రాం రాసుకుంటున్నారు. "అలాగా? ఆవిణ్ణి వదిలెయ్యమని పుల్లయ్యతో చెప్పు."

ప్రేమావతిని ఎక్కించుకున్న కారు బెజవాడ రోడ్డున సాగిపోయింది. ఆమె చెయ్యి ఊపింది. వినగడప వైపు తల తిప్పలేదు.

దీపాలు పెట్టాక జ్ఞానమణి వెనక సందులోకి నడిచింది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలాపారు. గౌసియాబీ ఇంటి ముందు నిలబడి పిలిచింది. పిలుపు తనకే వినబడలేదు. రెండోసారి పిలిస్తే తలుపు తెరుచుకుంది.

"నన్ను క్షమించండమ్మా. మీరు కాదని..."

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడటానికి జ్ఞానమణికి డిపార్ట్‌మెంటు ఆర్నెల్లు ట్రైనింగిచ్చింది.

"పన్నెండింటికి" అంది.

గౌసియాబీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నన్నొదిలింది ఏడింటికి. మధ్యలో ఒకసారి దాహమేసి పిలిచా. నువ్వు గోదాం గుమ్మంలోనే ఉన్నావు."

"వినబడింది" అంది జ్ఞానమణి, తల దించుకుని.

"పిల్ల బతికిందా?"

"బతికింది."

"అందుకేలే నేనూ నోరు మూసుకుంది. నా నోరు నేను మూసుకున్నా నర్సమ్మా. అది నా ఇష్టం. నీ నోరు మూసుకుని నన్ను లోపల ఉంచావే, అది మాత్రం ఎవర్నడిగి చేశావ్?"

గౌసియాబీ కోపం లేకుండా, పొద్దుపోయాక ఏ ఇల్లాలైనా వేసుకున్నట్టే తలుపు వేసుకుంది.

గడియ పడిన చప్పుడు కాలేదు. దేశంలో ఏ తాళమైనా అర నిమిషంలో తీసే జ్ఞానమణి చేతులకు, ఉత్తినే దగ్గరకు వేసిన ఆ తలుపు తొయ్యటం చేతకాలేదు.